కొబ్బరి కొట్లో టీ

నిరుడు ఆషాఢం వెళ్ళేదాకా ఆవిడ కదలరన్న ధైర్యం ఒక్కటే ఉండేది నాకు. ఆషాఢంలో ఇల్లు మారకూడదని మా అత్తగారి నమ్మకం. అలాంటి నమ్మకాలు నాకు పెద్దగా లేవు గాని, ఆ ఒక్కదానికి మాత్రం రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

మా అత్తగారు వెంకటరమణమ్మగారు. ఎనభై దాటిన మనిషి. పుట్టింది ఆత్రేయపురంలో, మెట్టింది నది అవతల నరసాపురం దగ్గర. మా ఆవిడ విజయకుమారికి జబ్బు చేసినప్పుడు, కూతురికి చేసిపెట్టాలని కొత్తపేట పక్కనున్న మా ఊరు వచ్చారు. చేశారు. కూతురు దక్కలేదు. ఏడాది తిరిగి సంవత్సరీకాలు కూడా అయిపోయాయి. "అదున్నంత కాలం ఇది నా కూతురిల్లు. ఇప్పుడిది అల్లుడుగారి ఇల్లు. ఇక్కడ నేనెవరినే?" అన్నారట మా అమ్మాయి తులసితో. శ్రావణం రాగానే ఆవిడ మేనల్లుడు దొరబాబు కారు తెచ్చి నరసాపురం తీసుకుపోయేట్టు ఏర్పాటు జరిగిపోయింది.

ఆవిడ వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలియదు. అదీ నా ఇబ్బంది.

ఈ కాలం వాళ్ళకి నవ్వొస్తుంది. మా ఇళ్ళల్లో పాత పద్ధతి ప్రకారం అత్తగారు అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. తలుపు చాటునుంచి మూడో మనిషికి చెబుతుంది, అల్లుడు వింటాడు. "అల్లుడుగారికి ఇంకాస్త పులుసు పొయ్యవే" అని లోపల్నుంచి వినబడేది. "చాలని చెప్పు" అనేవాణ్ణి నేను. మధ్యలో మా ఆవిడ నవ్వుతూ గరిటె పట్టుకుని నిలబడేది. పెళ్ళయిన నాటినుంచీ నేనూ అత్తగారూ ఒక్క మాట నేరుగా అనుకోలేదు. అందులో కోపం లేదు, తగువు లేదు. గౌరవం అలా పేరుకుపోయింది, అంతే. ఆ మధ్య మనిషి వెళ్ళిపోయాక ఇంట్లో ఇద్దరం మిగిలాం. ఎవరితో చెప్పమని చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు.

అయినా రోజులు గడిచాయి. పొద్దున్నే నేను అరుగు మీద పేపరు చదువుతుంటే వంటింటి గొళ్ళెం చప్పుడయ్యేది. కాఫీ కిటికీ గట్టు మీద పెట్టారని అర్థం. బయటికి వెళ్ళేటప్పుడు "కొత్తపేట దాకా వెళ్ళొస్తాను" అని వాకిట్లో పిల్లికి చెప్పేవాణ్ణి. "గొడుగు తీసికెళ్తే మంచిదే పిల్లీ, పడమర నల్లగా ఉంది" అని లోపల్నుంచి జవాబు వచ్చేది. చొక్కా గుండీ ఊడితే మర్నాటికి కుట్టి ఉండేది. మోకాలికి రాసుకునే తైలం సాయంత్రమయ్యేసరికి వెచ్చబడి గూట్లో ఉండేది. పెళ్ళాం పోయిన మగాడికి ఇలాంటివి ఎంత పెద్ద సాయమో, అలా పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది.

తులసి నర్సింగ్ చదివి జపాన్‌లో కనజావా అనే ఊరి దగ్గర వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తోంది. తల్లి సంవత్సరీకాలకి సెలవు మీద వచ్చి శ్రావణం దాకా ఉండిపోయింది. దాంతో ఇంటికి మళ్ళీ గొంతు వచ్చింది. ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ నేనూ అత్తగారూ ఆ పిల్ల మీద కుమ్మరించాం. నాలుగు రోజులకి అది విసిగిపోయింది.

"నేనేమన్నా లాకునా నాన్నా, అటు తలుపు ఎత్తి ఇటు తలుపు దించడానికి?" అంది.

నేను ఇరిగేషన్‌లో చేరి, కాలవల మీద లాకు సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. మాట సూటిగా తగిలింది.

"అమ్మమ్మని ఉండమని మీరే అడగొచ్చు కదా?"

"నేనెలా అడుగుతానమ్మా?"

"నోటితో."

"నువ్వు చెప్పు, నేను చెప్పానని."

"నేను చెప్తే అమ్మమ్మ వినదు. 'ఆయనకి మొహమాటం, నువ్వు అనిపిస్తున్నావు' అంటుంది. అననే అంది కూడా."

అదీ నిజమే. నేను పేపరు తిరగేశాను. అందులో గోదావరి మట్టం తప్ప ఏ అక్షరమూ ఎక్కలేదు.

ఆ వారమే తులసి పెట్టె విప్పింది. బట్టల మధ్య గుడ్డల్లో చుట్టి పెట్టిన సామాన్లు ఒక్కొక్కటీ తీసి చాప మీద పరిచింది. నల్లటి మట్టిగిన్నె, చక్రం మీద కాకుండా చేత్తో ఒత్తి చేసింది. ఒకే వెదురు ముక్కని వెంట్రుకల్లా చీల్చి చేసిన కుంచె. చివర వంచిన సన్నటి వెదురు పుల్ల. చిన్న మూత పిడత. ఎర్రటి పట్టుగుడ్డ.

తలుపు చాటునుంచి అత్తగారు తొంగి చూశారు. "ఇంత దూరం ఓడలూ విమానాలూ ఎక్కి మట్టి మూకుడు మోసుకొచ్చేవా? ఆ పుల్లేంటే, చెవిలో గుబిలి తీసుకోడానికా?"

"టీ పొడి తియ్యడానికి అమ్మమ్మా."

"మరి చెంచాలకి ఏమొచ్చింది?"

తులసి నవ్వి పట్టుగుడ్డ చేతిలోకి తీసుకుంది. మూలలు పట్టి ఎత్తింది, మధ్యకి లాగింది, మడిచింది, మళ్ళీ మడిచింది. ఆ గుడ్డతో పిడత మూత తుడిచింది. ఇంతే చేసింది. కాని చూస్తున్న నేను పేపరు కింద పెట్టేశాను. చిన్నప్పుడు బళ్ళోంచి వచ్చి సంచీ వాకిట్లోకి విసిరేసే పిల్ల ఇది. దాని చేతులు ఇప్పుడు ఎవరివో పెద్దవాళ్ళ చేతుల్లా ఉన్నాయి. తొందర లేదు. ఆగడమూ లేదు. లాకుల మీద నా సర్వీసంతా నీళ్ళని చూశాను. మట్టం సరిపోయాక తలుపు తెరిస్తే పడవ కింద నీరు అలా నిమ్మళంగా ఉంటుంది.

"ఎవరు నేర్పారమ్మా ఇది?" అన్నాను.

"ఫుమి సెన్సే అని, ఆశ్రమంలో ఉండేవారు. సెన్సే అంటే గురువుగారు. జీవితమంతా టీ నేర్పిన మనిషి. నేను వెళ్ళేసరికే మతిమరుపు జబ్బు బాగా ముదిరిపోయింది. కొడుకు పేరు గుర్తుండదు. అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండదు. ఓ రోజు ఊరికే చేతికి ఈ గుడ్డ ఇచ్చేను. ఇందాక నేను మడిచినట్టే మడిచేరు. ఒక్క మడత తప్పు పోలేదు."

తలుపు అవతల కూర తరుగుతున్న కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

"రోజూ మధ్యాహ్నం వెళ్ళేదాన్ని. రోజూ 'మీరెవరండీ?' అని అడిగేవారు. అతిథిని అనేదాన్ని. 'అయితే టీ తాగి వెళ్ళండి' అని మొదలుపెట్టేవారు. మర్నాడు మళ్ళీ మొదటి పాఠమే. ఉన్నన్నాళ్ళూ నాకు మొదటి పాఠమే చెప్పేరు నాన్నా. అంతకంటే ఎవరు బాగా నేర్పుతారు?"

అంతకు ముందటి చలికాలంలో ఆవిడ పోయిందట. ఆవిడ కొడుకు ఈ సామాను తెచ్చి తులసి చేతుల్లో పెట్టి, నడుం వంచి నమస్కారం పెట్టి వెళ్ళాడట.

ఆ తరవాత సాయంత్రాలన్నీ టీ కబుర్లే. ఎగువన వానలు పడి గోదావరికి ఎర్రనీరు వచ్చింది. లంకల వైపు రాకపోకలు తగ్గిపోయాయి. సఖినేటిపల్లి రేవులో నరసాపురం దాటించే పంటు ఆపేశారని పేపర్లో చదివి, అన్యాయంగా సంతోషించాను. చూరు కారుతుంటే తులసి అరుగు మీద కూర్చుని చెప్పేది. నేను వినేవాణ్ణి, తలుపు కూడా వినేది. బి.ఏ.లో చరిత్ర చదివినవాణ్ణి కదా, నాకు ఎక్కడెక్కడి ప్రశ్నలో వచ్చేవి.

ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక బౌద్ధ సన్యాసి చైనానుంచి టీ గింజలు తెచ్చాడట. ధ్యానంలో నిద్ర రాకుండా సన్యాసులు తాగేవారట. పోను పోను అది ప్రభువుల ఆడంబరమైపోయింది. చైనా గిన్నెలు, పెద్ద పెద్ద సభలు, ఎవరి గిన్నె గొప్పదన్న పోటీలు. అప్పుడు సకాయ్ అనే రేవు పట్నంలో వర్తకుడి ఇంట పుట్టిన సెన్ నో రిక్యూ అనే ఆయన, తన ముందువాళ్ళు మొదలుపెట్టిన దారిని పట్టుకుని, ఆ ఆర్భాటమంతా తీసి అవతల పెట్టాడు. మట్టిగోడల గది. రెండు చాపలు పడితే చాలు. చేత్తో ఒత్తిన నల్ల గిన్నె. ఎప్పుడూ యుద్ధాలు జరిగే కాలం అది. గది తలుపు ఎంత చిన్నదంటే, ఎంతటి సేనాపతి అయినా కత్తి బయట వదిలి, తల వంచి, మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి రావాలి.

"కత్తులు బయట పెట్టడం ఏం గొప్పే?" అంది తలుపు. "నోళ్ళు బయట పెట్టి వెళ్తే గొప్ప."

"మాటలు కూడా పద్ధతి ప్రకారమే అమ్మమ్మా. ఏ మాట ఎప్పుడు అనాలో ముందే ఉంటుంది."

హిదెయోషి అనే ప్రభువు ఆయన దగ్గరే టీ నేర్చుకుని, తనకోసం బంగారు రేకులతో టీ గది కట్టించుకున్నాడట. చివరికి అదే ప్రభువు, డెబ్భై ఏళ్ళ రిక్యూని ప్రాణం తీసుకొమ్మని ఆజ్ఞాపించాడు. ఎందుకో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ చివరి రోజు కూడా ఆయన టీ కాచి అతిథులకి ఇచ్చాడని చెబుతారు.

"ఆ ప్రభువు వంశం నిలిచిందా?" అని తలుపు అవతల్నుంచి వినబడింది.

"కొడుకుతో పోయింది అమ్మమ్మా. రిక్యూ మనవడి ఇంటివాళ్ళు మాత్రం ఇప్పటికీ టీ నేర్పుతున్నారు."

"మరీ!" అన్నారు అత్తగారు, తీర్పు తానే చెప్పినంత తృప్తిగా.

ఆ సాయంత్రమే తులసి అసలు సంగతి బయటపెట్టింది. అమ్మమ్మ వెళ్ళేలోగా మా ఇద్దరికీ ఒకసారి టీ ఇస్తుందట. మామూలు పల్చటి టీ కాదు, చిక్కటిది. అది ఒకే గిన్నెలో కలుపుతారు. అతిథులంతా అందులోంచే ఒకరి తరవాత ఒకరు తాగాలి.

"ఒకే గిన్నెలోనా? నోరు పెట్టా?" అత్తగారి గొంతు ఒక మెట్టు లేచింది. "ఎంగిలి కాదుటే?"

"అంచు తుడిచి ఇస్తారు అమ్మమ్మా."

"తుడిస్తే ఎంగిలి పోతుందా? ఎవరు చెప్పేరు?"

"అమ్మమ్మా, అమ్మ పోయిందని నాన్న ఫోన్ చేసిన రోజు నాకు టికెట్ దొరకలేదు. అంత్యక్రియలకి అందుకోలేనని తెలిసిపోయింది. డ్యూటీలోనే ఉన్నాను. ఎక్కడికి పోవాలో తెలీక సెన్సే గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ ఒక్క రోజే ఆవిడ నన్ను ఎవరని అడగలేదు. నా మొహం చూసేరు. లేచి ఈ గిన్నెలో చిక్కటి టీ కలిపి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. ఒక గుక్క నేను తాగేక, మిగిలింది ఆవిడ తాగేరు. ఏమీ అడగలేదు. మీ ఇద్దరికీ ఈ గిన్నెలోనే ఇవ్వాలని మోసుకొచ్చేను."

నేను నా చేతులు చూసుకుంటూ ఉండిపోయాను.

కొంతసేపటికి తలుపు మాట్లాడింది. "అల్లుడుగారు ముందు తాగాలని చెప్పు. తరవాత నేను పుచ్చుకుంటాను."

"అలా కాదు, పెద్దవాళ్ళు ముందు…"

"కాదంతే. ఆయన ఎంగిలి నేను తాగితే నాకు పోయేదేం లేదు. నా ఎంగిలి అల్లుడికి పోస్తే నాకు పుట్టగతులుండవు. నీ రిక్యూగారొచ్చి చెప్పినా ఇది మారదు."

తులసి నావైపు చూసింది. నేను తల ఊపాను. అలా ఆ టీకి ముఖ్య అతిథి నేనయ్యాను.

పెరట్లో మాకు కొబ్బరికాయలు రాశి పోసే కొట్టు ఉంది. దాని తలుపు పొట్టిది, ఎవరైనా నడుం వంచే దూరాలి. తులసి దాన్ని చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కాయలన్నీ వసారాలోకి ఎత్తించి, గోడలకి సున్నం వేయించి, కొత్త తుంగచాపలు పరిచింది. నిప్పుకి కొబ్బరిచిప్పల బొగ్గులు, అటకమీది పాత కుంపటి, దాని మీద ఇత్తడి గుండిగ. నీళ్ళు తోడే వెదురు గరిటె ప్రయాణంలో చిట్లిపోయిందని దిగులుపడుతుంటే, ఎవరూ అడక్కుండానే సన్నటి కాడ ఉన్న కొబ్బరిచిప్ప గరిటె వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమైంది. టీకి ముందు తీపి తినాలంటే అత్తగారు ఆత్రేయపురం తమ్ముడింటికి కబురంపి పూతరేకులు తెప్పించారు. వచ్చినవి విప్పి చూసి, రేకు మందంగా ఉందని వాళ్ళని రెండు తిట్లు తిట్టారు.

రోజూ మధ్యాహ్నం తులసి నాకు పాఠం చెప్పేది. గిన్నె ఎడమ అరచేతిలో పెట్టుకోవాలి. కుడిచేత్తో కొంచెం తిప్పాలి, గిన్నె ముఖం, అంటే దాని అందమైన వైపు, అవతలికి పోయేట్టు. తాగేముందు పక్క అతిథివైపు తిరిగి, 'మీకన్నా ముందు పుచ్చుకుంటున్నాను, మన్నించండి' అనాలి. అక్కడికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయేది.

"అనండి నాన్నా."

"ఆ రోజు అంటాలే."

"ఎవరితో అనాలో తెలుసుగా?"

తెలుసు. అందుకే ఆగిపోయేది. ఈ పాఠాలన్నీ పక్కగదిలోంచి ఇంకొకరు వింటున్నారని నేను ఆలోచించలేదు.

ఆషాఢం చివరి ఆదివారం. పొద్దున్నే కురిసి వాన తెరిపిచ్చింది. తులసి లేత బూడిదరంగు చీర కట్టుకుంది. కొట్టు ముందు రాయి మీద నీళ్ళ చెంబు పెట్టి ఉంది. చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, నేను వంగి లోపలికి దూరాను. మోకాలు కలుక్కుమంది. నా వెనకాల ఆవిడ వస్తున్న అలికిడి. గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగారు. "ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదంటారు" అని ఎవరితోనో అన్నట్టు అని, "అరవై దాటిన అల్లుడికి ఏం ఆషాఢంలే" అని తనకి తనే సర్దిచెప్పుకుని లోపలికి వచ్చారు. ఆవిడకోసం తులసి ఒక పొట్టి పీట వేసి ఉంచింది. నా ఎడం పక్కన, మూరెడు దూరంలో కూర్చున్నారు.

అంత దగ్గరగా ఆవిడని నేను ఎప్పుడూ చూడలేదు. చూడకూడదు గనక ఎదురుగోడ చూశాను. గోడకి ఒక వెదురు గొట్టం, అందులో ఒకే ఒక్క నందివర్ధనం పువ్వు, దాని మీద ఇంకా వాన చుక్కలు. పెరటినిండా పూసే పువ్వే. దాన్ని ఒక్కదాన్నీ చూడాలని నాకెప్పుడూ తోచలేదు.

పూతరేకులు తిన్నాం. అవి చిట్లిన చప్పుడు ఆ గదిలో పెద్దగా వినబడి ఇద్దరం ఒకేసారి నమలడం ఆపాం. తరవాత తులసి లోపలికి వచ్చి వంగి నమస్కరించింది, మొదలుపెట్టింది.

ఎలా చెప్పను? అది చేసిన పనులన్నీ మనం రోజూ ఇంట్లో చేసేవే. గుడ్డ మడవడం, తుడవడం, గిన్నె కడగడం, నీళ్ళు పొయ్యడం. గుండిగలో నీళ్ళు మరిగీ మరగకుండా సన్నగా రొద చేస్తున్నాయి. ఆ దేశంలో దాన్ని పైన్ చెట్ల గాలి అంటారని తులసి ముందే చెప్పింది. నాకు మాత్రం అంతర్వేది దగ్గర సరుగుడు తోటల్లో నిలబడ్డట్టుంది. తులసి చిప్పగరిటెతో వేణ్ణీళ్ళు తీసి గిన్నెలో వంచింది. కాసేపాగి కుండలోంచి చన్నీళ్ళు తీసి గుండిగలో వంచింది. రెండు చప్పుళ్ళూ వేరు. వేణ్ణీళ్ళది మెత్తటి చప్పుడు. చన్నీళ్ళది కొంచెం గలగల. నీళ్ళ మధ్యనే ఉద్యోగం చేసి, నీళ్ళ మధ్యనే బతికిన నాకు ఈ సంగతి ఆ రోజు తెలిసింది. ఇంకా ఎన్ని ఇలా నా ముందే ఉండి నాకు తెలియకుండా పోయాయో అనిపించింది.

తులసి వెదురుపుల్లతో పచ్చటి పొడి గిన్నెలో వేసి, కొంచెం నీళ్ళు పోసి, కుంచెతో మెల్లగా మెదిపింది. దాని చేతులు ఒక్కోసారి దానివి కావనిపించేవి. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో, కొడుకు పేరు మరిచిపోయిన ఒక ముసలావిడ చేతులు మా కొబ్బరి కొట్లో పని చేస్తున్నాయి. ఆవిడకి నేర్పిన వాళ్ళవీ, వాళ్ళకి నేర్పిన వాళ్ళవీ. చావు ఆజ్ఞ అందాక కూడా వణకని ఒక పెద్దాయనవీ. ఇన్ని చేతులు దాటి ఆ గిన్నె నా ముందు చాప మీదికి వచ్చింది.

వచ్చింది. నేను చూస్తున్నాను. నల్లటి గిన్నెలో పచ్చటి ముద్ద. పక్కనుంచి చాలా నెమ్మదిగా, "గోరింటాకులా ఉందే" అన్న గొణుగుడు వినబడింది. తులసి పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

నేను గిన్నె రెండు చేతులా తీసుకున్నాను. వెచ్చగా, చిన్న పిట్ట పట్టుకున్నట్టుంది. ఎడమ అరచేతిలో పెట్టుకున్నాను. తిప్పాను. నోటి దగ్గరికి ఎత్తాను.

"ముందు నాతో చెప్పాలండీ."

గిన్నె అలాగే ఆగిపోయింది. గొంతు నా ఎడం పక్కనుంచి వచ్చింది. పిల్లికి చెప్పింది కాదు, తులసికి చెప్పింది కాదు.

"తాగేముందు నాతో ఓ మాట చెప్పాలి కదా. అన్ని రోజులు నేర్పింది పిల్ల. చెప్పండి."

వ్రతంలో పురోహితుడు మంత్రం దాటేస్తే మందలించినట్టు అన్నారు. పద్ధతి తప్పిపోతోందన్న కంగారులో ఆవిడ ఇంకేదీ గమనించుకోలేదనుకుంటాను. నేను గిన్నె దించి ఆవిడవైపు తిరిగాను. మొదటిసారి మొహం చూశాను. విజయ కళ్ళే. అవే రెప్పలు. ఇంతకాలం ఒకే ఇంట్లో ఆ కళ్ళు ఉన్నాయని నాకు తెలియదు.

"అత్తయ్యగారూ," అన్నాను. "మీకన్నా ముందు పుచ్చుకుంటున్నాను. మన్నించండి."

ఆవిడ చేతులు జోడించారు. "పుచ్చుకోండి."

తాగాను. చేదు. చేదు వెనకాల పచ్చిగడ్డి వాసన, దాని వెనకాల ఏదో తీపి. "రుచి ఎలా ఉందండీ?" అని తులసి పద్ధతి ప్రకారం అడిగింది. బాగుందని పద్ధతి ప్రకారమే చెప్పాను. అది నిజం కూడా. మరో రెండు గుక్కలు తాగి, అంచు తుడిచి, గిన్నె ముఖం ఆవిడవైపు వచ్చేట్టు తిప్పి, అందించాను. మా ఇంట్లో ఏ వస్తువూ నా చేతినుంచి ఆవిడ చేతికి వెళ్ళలేదు. గట్టు మీద పెడతాం, గూట్లో పెడతాం. ఆవిడ రెండు చేతులూ చాపి అందుకున్నారు. గిన్నె కింద నా చేతులు కాసేపు అలాగే ఉంచాను.

ఆవిడ తాగారు. చివరిదాకా, ఒక్క చుక్క వదలకుండా. గిన్నె ఒళ్ళో పెట్టుకుని లోపలికి చూస్తూ కూర్చున్నారు.

"ముందు వెళ్ళేవాళ్ళు వెనకాలవాళ్ళకి ఓ మాట చెప్పి వెళ్ళాలని," అన్నారు, "ఆ దేశంలో ఎంత బాగా పెట్టుకున్నారో."

తులసి కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులు మాత్రం ఆగలేదు. ఖాళీ గిన్నె వెనక్కి తీసుకుంది, కడిగింది, తుడిచింది, గుడ్డ మడిచింది. బయట మళ్ళీ వాన పట్టుకుంది.

ఆ తరవాత అంతా మారిపోయిందని అనుకుంటారేమో. లేదు. మర్నాడు పొద్దున్నే గొళ్ళెం చప్పుడయింది, కాఫీ కిటికీ గట్టు మీదే ఉంది. కొట్లో మాట్లాడింది వేరే ఎవరో అన్నట్టు ఆవిడ తలుపు చాటుకి వెళ్ళిపోయారు. నేను కూడా రెండు మూడుసార్లు వంటింటి గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. కొట్లో అయితే ఏ మాట అనాలో ముందే రాసిపెట్టి ఉంది. ఇక్కడ నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. తులసి ఇక నన్నేమీ అనలేదు. సామానంతా గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దుకుంది.

శ్రావణం వచ్చింది. వరద తీసింది. మంచి రోజు చూసుకుని దొరబాబు పెద్ద కారు వేసుకుని వచ్చాడు. వస్తూనే అరుగు మీద నిలబడి హడావుడి మొదలెట్టాడు.

"ఏం అన్నయ్యగారూ, బావున్నారా? చించినాడ వంతెన మీంచి వచ్చేసేను, ఆయ్. వర్జ్యం రాకుండా బయల్దేరిపోదాం. ఏవీ సామాన్లు? అత్తా! ఓ అత్తా!"

సామాన్లు వచ్చాయి. చేతిసంచీ, బట్టల పెట్టె, ఆవకాయ జాడీ, దేవుడి పటాల మూట. దొరబాబు ఒక్కొక్కటే డిక్కీలో పెడుతుంటే నేను అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాను. సాయం చెయ్యడానికి చేతులు రాలేదు. ఆపడానికి నోరు రాలేదు.

అత్తగారు కొత్త నేతచీర కట్టుకుని వాకిట్లోకి వచ్చారు. తులసి కాళ్ళకి దణ్ణం పెట్టింది. దాని తల నిమిరారు.

"ఇంక కదలండి అత్తా," అన్నాడు దొరబాబు కారు తలుపు తీసి పట్టుకుని. "అక్కడ మీ గది కడిగించి ఉంచేం."

ఆవిడ మెట్టు దిగారు. కారు దగ్గరికి రెండడుగులు వేసి ఆగారు. వెనక్కి తిరిగారు. పట్టపగలు, అందరి ముందూ, చీర కొంగు తల మీదకి లాక్కోకుండా నావైపు చూశారు.

"మీరేమంటారు బాబూ?"

దొరబాబు నోరు తెరిచాడు. అతను పుట్టి బుద్ధెరిగిన తరవాత ఇలాంటిది చూసి ఉండడు. తులసి నావైపు చూడలేదు. వాకిట్లో నీళ్ళ గుంటకేసి చూస్తూ నిలబడింది.

ఎన్నో అనుకుని ఉంచుకున్నాను. ఈ ఇల్లు మీదేనని, మీరు లేకపోతే విజయ ఇంకోసారి పోయినట్టుంటుందని, గుండీలూ తైలమూ కావు సంగతి అని. ఒక్కటీ రాలేదు.

"వెళ్ళకండి అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ కాసేపు నన్నలాగే చూశారు. నా మాటలో మొహమాటం ఎంతుందో, నిజమెంతుందో బేరీజు వేసుకున్నట్టు. తరవాత తల ఊపారు.

"ఆయ్," అన్నారు.

అని మేనల్లుడివైపు తిరిగారు. "కాళ్ళు కడుక్కురా దొరబాబూ. పనసపొట్టు కూర చేస్తాను, భోంచేసి వెళ్దువుగాని."

"అది కాదత్తా, గది కడిగించి…"

"కడిగించిన గది ఎక్కడికీ పోదు. ముందు ఆ జాడీ దింపు. వంచకు, నూనె కారుతుంది."

దొరబాబు నన్ను చూశాడు, తులసిని చూశాడు, ఎవరి దగ్గరా సాయం దొరక్క డిక్కీ తెరిచాడు. నేను స్తంభం వదిలి వెళ్ళి, జాడీకి ఇంకో పక్క పట్టుకున్నాను.